అట్టపెట్టెల మేడ

ఈపో
ఆగస్టు 5, 1971

వదినా,

నేనూ మున్ యీ బాగానే ఉన్నాం. ఈ మాట ముందే రాసేస్తే మిగతా ఉత్తరం మీరు కంగారు పడకుండా వింటారు.

ఇంగ్లీషు పటాలం ఈ ఏడాదిలోనే సింగపూరు ఖాళీ చేస్తుందని కాఫీ హోటల్లో రేడియో చెప్పిందట. మరి మీరు పని చేసే ఇంటి దొరగారి సంగతి ఏమిటి? ఇన్నాళ్లూ దొరలు మారినా ఆ బంగళా వెనక గదిలో మీరు మాత్రం మారలేదు. ఇప్పుడు అసలు దొరలే ఉండరంటున్నారు. తర్వాత మీరెక్కడ ఉంటారు?

ఇంకా కొన్ని రాయాలని కలం తీస్తాను. ఒక ఏడాది మీ తమ్ముడితో సింగపూరు వచ్చినప్పుడు చూశాను కదా, చదువు రానివాళ్లకి ఉత్తరాలు చదివి రాసిపెట్టే ఫుంగ్ మాస్టారు అరుగు మీద బల్ల వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఎవరి ఉత్తరమైనా బజారంతా వినేలా చదువుతాడు. చుట్టూ చేపలమ్మేవాళ్లు, రిక్షావాళ్లు. అది గుర్తొచ్చి కలం దించేస్తాను. కొన్ని మాటలు అంతమందిలో వినేవి కావు.

ఇంట్లో చప్పుడు లేదు. మీ తమ్ముడు పోయి ఏడాది దాటినా, బియ్యం కొలిచేటప్పుడు నా చెయ్యి మూడో డబ్బా కూడా ముంచుతుంది. మా ఇద్దరికీ రెండు చాలు. ముంచినదాన్ని మళ్లీ కుండలో పోసి మూత పెడతాను. పిల్ల బడికి వెళ్లాక మధ్యాహ్నం వరకూ నాతో మాట్లాడేది పక్కనున్న చోంగ్ తాత ఒక్కడే. అదైనా గోడ అవతలి నుంచి, "లైయింగమ్మా, నీ పిల్లి నా జిగురు గిన్నెలో మూతి పెట్టింది" అని.

మున్ యీ మిమ్మల్ని మర్చిపోలేదు. వాళ్ల నాన్న కర్మకి వచ్చినప్పుడు మీరు అంత వానలో సత్రానికి వెళ్లి పడుకున్నారు కదా, దాని గురించి ఇప్పటికీ అడుగుతుంది. "అత్త జుట్టు ముడి వేసుకుని, పెళ్లి చేసుకోనని ఒట్టేసుకుంది. అలాంటి ఆడపిల్ల పుట్టింటి కప్పు కింద ప్రాణం వదలకూడదు, అందుకని రాత్రులు ఉండదు" అని చెప్పాను. "పడుకున్నవాళ్లందరూ చచ్చిపోతారా?" అంది. మీ తమ్ముడైతే కోప్పడేవాడు. ఆయనకి ఆ విషయంలో భయం ఎక్కువ.

రెండు ప్రశ్నలు. మీరు ఇప్పటికీ కిటికీ వైపే తల పెట్టి పడుకుంటారా? మెట్లు ఎక్కితే మోకాళ్లు నొప్పిగా ఉంటున్నాయా? ఎందుకని అడగకండి. జవాబు మాత్రం రాయించండి.

మీ మరదలు
లైయింగ్


సింగపూరు
ఆగస్టు 14, 1971

చిరంజీవి లైయింగునకు సౌ హ్యోంగ్ ఆశీర్వదించి వ్రాయించునది.

నీ లేఖ చేరి మనస్సునకు మిక్కిలి సంతోషము కలిగించినది. దొరగారి కుటుంబము అక్టోబరు మాసమున స్వదేశమునకు ఓడనెక్కుచున్నది. గృహమంతయు అట్టపెట్టెలతో నిండినది. ఏ పెట్టె ఏ గదికి చెందునో పైన వ్రాయవలెనని దొరసాని ఆజ్ఞ. నా గదికి పెట్టె అక్కరలేదు, సంచి చాలును.

నా వృద్ధాప్యమునకు సకల ఏర్పాట్లును పూర్తియైనవి. నాతోపాటు ఒట్టు పెట్టుకొనిన చెల్లెండ్ర మఠమునందు నాకు స్థలము నిశ్చయమైనది. కావున నా నిమిత్తము నీవు ఎట్టి శ్రమయు తీసుకొనవలదు.

కిటికీ వైపే తల పెట్టి పడుకొందును. మెట్లు ఎక్కగలను. దొరసాని గంట కొడితే ఎక్కక చస్తానా. (ఈ వాక్యమును చెప్పినది చెప్పినట్లు వ్రాయమని పట్టుబట్టినారు. — ఫుంగ్)

వచ్చే వారము ఏడవ నెల ప్రవేశించుచున్నది. దిక్కులేని ఆత్మలు తిరుగు కాలము. పిల్లను పొద్దు గుంకిన పిమ్మట వాకిట ఆడనీయకుము.

శుభాకాంక్షిణి
సౌ హ్యోంగ్
(వ్రాసినది ఫుంగ్)


ఈపో
సెప్టెంబరు 3, 1971

వదినా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్శిలు వస్తుంది. కాఫీ గింజల లారీ డ్రైవరు తానే తెచ్చి, మీతో ఒట్టేసుకున్న చెల్లెళ్లంతా కలిసి అద్దెకి తీసుకున్న గదిలో ఇస్తానన్నాడు. పొడుగు పెట్టె, గోనెపట్టా చుట్టి ఉంటుంది. బాణం గుర్తు పైకి ఉండాలి. పడుకోబెట్టకూడదు. తడి తగలకూడదు. తొమ్మిదో తేదీన, మీ అరవయ్యో పుట్టినరోజు పొద్దున్న, నూడుల్స్ తినడానికి కూర్చున్నప్పుడు విప్పండి. ముందు విప్పితే మున్ యీ ఊరుకోదు.

నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చూశాక ఇది పంపాలా వద్దా అని ఆలోచించాను. సకల ఏర్పాట్లు అయ్యాయని రాశారు. మంచిదే. అందరికీ అంత ముందుచూపు ఉండదు. ఎట్టి శ్రమా వద్దన్నారు కదా, వద్దన్నవాళ్లకి పంపి ఇబ్బంది పెట్టడం ఎందుకని పార్శిలు మేడమెట్ల కింద పెట్టాను. మున్ యీ బడి నుంచి వచ్చి చూసింది. "అత్త వద్దంది శ్రమ కదమ్మా. ఇది బహుమతి కదా" అంది. మళ్లీ తీసి గోనెపట్టా కుట్టాను.

ఇక్కడ ఏడో నెల హడావుడి. చోంగ్ తాత దుకాణంలో వెదురు చీలికలు వీధిలోకి వచ్చేశాయి. రాత్రనక పగలనక పని. మా మేడమీద ఎలుక చేరింది. కొత్తగా కొన్న దోమతెర మూల చక్కగా చతురస్రంగా కొరికేసింది. ఇంత శుభ్రంగా కొరికే ఎలుకని నేను చూడలేదు. బోను పెట్టాను.

పార్శిలు చూశాక ఏమనిపించిందో తప్పకుండా రాయించండి. ఎదురుచూస్తుంటాను.

మీ మరదలు
లైయింగ్


సింగపూరు
సెప్టెంబరు 10, 1971

లైయింగునకు,

నీవు పంపిన గృహము చేరినది. గుమ్మముపై నా పేరు చూచితిని. చదువు రాకపోయినను నా పేరు నేను గుర్తింపగలను. ముందు కారు, గుమ్మమునకు ఇరుప్రక్కల ఇద్దరు సేవకులు, బంగారు కాగితపు అంచు. లోపమేమియు లేదు. ఏడవ నెలలోనే చేరవలెనని పంపితివి, చేరినది.

నీ అభిప్రాయము అర్థమైనది. పుట్టింటివారు ఇవ్వవలసిన గృహము ఇచ్చివేసినారు. ఇక నాకును నీకును బాకీ లేదు. ఇకపై ఉత్తరములు వ్రాయుటకు కాలము వ్యర్థము చేసుకొనవలదు. పిల్లను చదివించుము.

సౌ హ్యోంగ్

(అమ్మా, ఇది వ్రాసేవాడి సొంత మాట. నాకు సంబంధం లేదు, అయినా ఉండబట్టక రాస్తున్నాను. మీరు పంపింది విప్పగానే ఆవిడ తోటి చెల్లెళ్లలో ఒకావిడ కెవ్వుమంది. ఎవరు పోయారంటూ కింద అద్దెకున్నవాళ్లు మెట్లెక్కి వచ్చారు. పోయినవాళ్లకి పరలోకంలో ఉండటానికని పేరు రాసి కాల్చే కాగితపు ఇల్లు, బతికున్న మనిషికి, అదీ అరవయ్యో పుట్టినరోజున, అదీ ఏడో నెలలో! నూడుల్స్ ఎవరూ ముట్టలేదు. ఈ ఉత్తరం చెబుతూ ఆవిడ రెండుసార్లు లేచి వీధి చివరి దాకా వెళ్లి మళ్లీ వచ్చారు. — ఫుంగ్)


ఈపో
సెప్టెంబరు 12, 1971

వదినా,

మీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. పుట్టినరోజు అయిపోయింది కాబట్టి ఇప్పుడు అన్నీ చెప్పొచ్చు.

ఎలా చేశామో మీకు తెలియాలి. డబ్బాపాల అట్టపెట్టెలు కాఫీ హోటలు వెనక పడేసి ఉంటే తెచ్చుకున్నాం. గోడలకి అవి. మెట్లకి సబ్బు పెట్టెలు. మేడకి మీ తమ్ముడి బూట్ల పెట్టె. మొదట ఇల్లంతా టేపుతో కొలిచాను. అడుగుకి అర అంగుళం. మున్ యీ టేపు రెండో కొస పట్టుకుని, గోడ దగ్గర నిలబడి, "అమ్మా, లాగకు, గోడ వచ్చేస్తోంది" అని ఒకటే నవ్వు. ఈ ఇంట్లో అంత నవ్వు విని చాలా రోజులైంది.

పైకప్పు చూశారా? అట్టని కొంచెం తడిపి పై పొర ఒలిస్తే లోపల గాడులు గాడులుగా ఉంటుంది. దానికి ఎర్ర రంగు వేస్తే అచ్చం పెంకులే. అది నేను కనిపెట్టానని గర్వంగా ఉంది, నవ్వకండి. అంటించడానికి గంజి సరిపోలేదు, గోడలు వంగిపోయాయి. చోంగ్ తాత జిగురు ఇచ్చాడు. రంగు కాగితాల ముక్కలు కూడా ఒక సంచీడు ఇచ్చాడు. "దేనికమ్మా?" అన్నాడు. "పిల్ల ఆటకి" అన్నాను. పనిలో మునిగి ఉన్నాడు, మళ్లీ అడగలేదు.

గుమ్మానికి అటూ ఇటూ ఇద్దరు మనుషులు ఉన్నారు కదా. అవి అగ్గిపెట్టెలతో చేసింది మున్ యీ. ఎందుకే ఇవి, అన్నాను. "అత్త ఎప్పుడూ వాళ్లింట్లో పని చేస్తుంది. ఈ ఇంట్లో అత్తకి ఎవరైనా పని చేసి పెట్టాలి కదా. ఒక్కరైతే వాళ్లకి తోచదు, అందుకని ఇద్దరు." కారు కూడా దాని పట్టుదలే. పళ్ల పేస్టు డబ్బా, సీసా మూతలు. డ్రైవరు లేడేమే అంటే, "అత్తకి నేర్పిస్తాను" అంది. దానికి సైకిలు తొక్కడం రాదు!

గుమ్మం మీద పేరు కూడా అదే రాసింది. బళ్లో నేర్చుకున్న కుంచె రాత. నాలుగు కాగితాలు పాడుచేసి అయిదోది అంటించింది. ఎవరి ఇంటి మీదైనా మీ పేరు ఉండటం నేను చూడటం అదే మొదలు. ఆ ఇంటి ముందు కూర్చుని చాలాసేపు చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. వెనక గోడకి దారంతో బందు కట్టాం. లాగితే తలుపులా తెరుచుకుంటుంది. తెరిచారా? మేడమీద వెనక గది చూశారా? దాని గురించి నేనేమీ రాయను. ఫుంగ్ మాస్టారు చదువుతాడు. మీరే చూసి, మీకు ఏం తోచిందో ఒక్క మాట పంపండి. అవునైనా సరే, కాదైనా సరే. కాదంటే ఏమీ అనుకోను. అందులో మున్ యీ ఏదో సొంతంగా పెట్టింది. నన్ను గదిలోంచి గెంటేసి మరీ పెట్టింది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎలుక ఇంకా దొరకలేదు.

మీ మరదలు
లైయింగ్


ఈపో
సెప్టెంబరు 18, 1971

వదినా,

మీ ఉత్తరం అందింది. ఫుంగ్ మాస్టారు కింద రాసింది చదివాక అరుగు మీద కూర్చుని ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఇల్లు పార్శిలు కట్టిన చేతులు నావి. చోంగ్ తాత పక్కన కాపురం ఉంటున్నదాన్ని. రోజూ నా కళ్లెదుట అలాంటి ఇళ్లు వెదురుతో లేస్తాయి, రంగు కాగితాలు కప్పుకుంటాయి, రిక్షా ఎక్కి శ్మశానానికి వెళ్తాయి. అయినా నాకు తట్టలేదు. తాతవి వెదురుతో కట్టినవి, ఊదితే ఎగిరిపోతాయి. నాది డబ్బాపాల అట్ట. నా చేతిలో అది మొదటి నుంచి చివరి దాకా మా ఇల్లే. గోడ వంకరగా ఉందా, మెట్టు ఎత్తు సరిపోయిందా, ఇవే చూశాను. మొత్తంగా దూరం నుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

ఉత్తరం పట్టుకుని, మున్ యీని వెంటబెట్టుకుని చోంగ్ తాత దగ్గరికి పరిగెత్తాను. చెప్పింది విని ఆయన జిగురు కుంచె పక్కన పెట్టాడు.

"పేరు ఎక్కడ రాశారు?"

"గుమ్మం మీద తాతా" అంది మున్ యీ.

"అటూ ఇటూ మనుషులున్నారా?"

"ఉన్నారు. బుగ్గలకి ఎర్ర రంగు కూడా వేశాను."

"కారు?"

"ఉంది."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నలభై ఏళ్లుగా కడుతున్నాను. ఏదో ఒకటి మర్చిపోయి, పోయినవాళ్ల కొడుకులతో తిట్లు తింటూ ఉంటాను. మీ తల్లీకూతుళ్లు ఒక్కటీ మర్చిపోలేదు కదే! పైగా నా జిగురుతోనా?" అన్నాడు. విరుగుడు ఏమైనా ఉందా అని అడిగాను. "దోషానికైతే మంత్రం ఉంది. మనిషి మనసు విరిగితే నా దుకాణంలో దొరికేది ఏమీ లేదు. వెళ్లి నోటితో చెప్పు" అన్నాడు.

అందుకని చెబుతున్నాను. ఫుంగ్ మాస్టారూ, ఇది గట్టిగానే చదవండి. చేపలవాళ్లు విన్నా పరవాలేదు, రిక్షావాళ్లు విన్నా పరవాలేదు.

వదినా, మా ఇంటికి వచ్చి ఉండండి. మేడమీద వెనక గది మీది. మీ తమ్ముడి సామాను తీసేసి, సున్నం వేయించి, మంచం కిటికీ వైపు తిప్పాను. కిటికీలోంచి సున్నపురాయి కొండ కనిపిస్తుంది. ఆ బొమ్మ ఇంట్లో ఉన్నది ఆ గదే. నోటితో అడగడానికి మొహమాటపడి అట్టతో అడిగాను. పండక్కి రమ్మని కాదు, రెండు రోజులకి కాదు. ఉండటానికి.

పుట్టింటి కప్పు అంటారేమో. అదీ ఆలోచించాను. మీ తమ్ముడు పోయాక ఇంటి అద్దె కాగితం నా పేరున మార్చుకున్నాను. ఇప్పుడిది మీ పుట్టిల్లు కాదు. మీ మరదలి ఇల్లు. మరదలి ఇంటి కప్పు గురించి ఏ ఒట్టులోనూ లేదు. ఉంటే చూపించమనండి.

మీకు మఠంలో అన్నీ కుదిరాయని తెలుసు. మాకు మాత్రం ఏమీ కుదరలేదు. పిల్ల నిద్రపోయాక ఈ ఇంట్లో గడియారం తప్ప ఏదీ మాట్లాడదు. మీకు దిక్కు లేదని పిలవడం లేదు. మాకు మనిషి కావాలని పిలుస్తున్నాను.

ఇల్లు కాల్చేసి ఉంటే మంచిదే. కాల్చకపోతే విరిచి పారేయండి. మున్ యీకి నేను చెప్పుకుంటాను.

లైయింగ్


సింగపూరు
సెప్టెంబరు 25, 1971

ఒసే లైయింగూ,

ఈసారి ఫుంగ్ మాస్టారికి ముందే చెప్పాను, నేనన్నది అన్నట్టు రాయకపోతే ఇంకో బల్ల చూసుకుంటానని. ముఖం ముడుచుకున్నాడు కానీ రాస్తున్నాడు. ఇది కూడా రాయి మాస్టారూ, ముఖం ముడుచుకున్నావని.

ఆగస్టులో నేను చెప్పిందేమిటో తెలుసా? "ముసలిదాన్ని అయిపోయాను, మఠంలో చాప పరుచుకునేంత జాగా దొరికింది, ఇంకెక్కడికి పోతాను, ఎవరు రమ్మంటారు" అన్నాను. ఆయన దాన్ని సకల ఏర్పాట్లు అని రాశాడట! అందరికీ అలాగే రాస్తాడట, మర్యాదగా ఉంటుందని. మఠంలో అన్నీ కుదిరాయని నువ్వు రెండోసారి రాస్తే గానీ నాకు అనుమానం రాలేదు. తిట్టాను. తల వంచుకుని తిట్లు తిన్నాడు పాపం. ఇది కూడా రాయి.

ఇప్పుడు నీ ఇంటి సంగతి. విప్పిన రోజు ఎవరూ దగ్గరికి రాలేదు. మా ఆరో చెల్లెలు అయితే దణ్ణం పెట్టి గోడకి అతుక్కుపోయింది. సందు చివర పీపాలో వేసి కాల్చేద్దామని, లేకపోతే ఏడో నెల పోయేలోగా నేను పోతానని గోల. నేనే వద్దన్నాను. పుట్టింటివాళ్లు పంపింది, ఎందుకు పంపినా నాది, నేను పోయాక కాల్చండి అన్నాను. దుప్పటి కప్పి తలుపు వెనక పెట్టాను. రోజూ బంగళా నుంచి వచ్చి ఆ దుప్పటి చూసి మళ్లీ వెళ్లేదాన్ని. నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు. నీ పెళ్లిలో నీకు జడ వేసింది నేనే కదే.

తర్వాత, వెనక గోడ తెరిచారా అని నీ ఉత్తరం వచ్చింది. మాస్టారు చదువుతుంటే నాకేమీ అర్థం కాలేదు. గదికి వెళ్లి దుప్పటి తీశాను. చెల్లెళ్లు వద్దు వద్దంటూనే నా వెనక చేరారు. దారం లాగాను. మంచం ఉంది. కిటికీ వైపు తలగడ ఉంది. అయినా నమ్మలేదు, చచ్చినవాళ్ల ఇంట్లోనూ మంచం పెడతారు. అప్పుడు చూశాను, మంచం చుట్టూ దోమతెర.

కాగితం కాదు. నిజం దోమతెర. నాలుగు అగ్గిపుల్లలకి కట్టి, కింద అంచులు పరుపు కిందకి దోపి ఉంది, రోజూ మనం దోపినట్టు. కుట్లు పెద్ద పెద్దవి, పిల్ల కుట్లు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆరో చెల్లెలు, "అదిగో, నేను చెప్పాను కదా, దయ్యం పట్టింది" అంది. "నోరు ముయ్యవే, చచ్చినవాళ్లకి దోమతెర ఎవరు కడతారే? వాళ్లని దోమలు ఏం కుడతాయి?" అన్నాను. తర్వాత ఒక్కొక్కరే వంగి లోపలికి చూశారు. "నిజమే, నేనైతే ఇన్ని ఇళ్లు కాల్చాను, దోమతెర చూడలేదు" అని ఆరో చెల్లెలే అంది. ఆ మధ్యాహ్నం మళ్లీ నూడుల్స్ వండారు. పుట్టినరోజు దాటిపోయింది, అయినా తిన్నాను. పొడుగ్గా ఉన్నాయి, ఆయుష్షు తెగకూడదని తెంచకుండా తిన్నాను.

బోను తీసెయ్. నీ ఎలుక కొరికిన ముక్క నా దగ్గర ఉంది. పిల్లని కొట్టకు.

నీ రెండో ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. అద్దె కాగితం మాట దగ్గర అరుగు మీద అందరూ నవ్వారు. ఒక రిక్షావాడు, మీ మరదలు లాయరా అమ్మా అన్నాడు. మాస్టారిని మళ్లీ చదవమన్నాను. నేను నవ్వలేదు. ఒట్టు పెట్టుకున్నప్పుడు అద్దె కాగితాల గురించి ఎవరూ అడగలేదు, నిజమే. కానీ నా వయసులో అలాంటి సందుల్లోంచి దూరి వెళ్లడం నాకు కుదరదు లైయింగూ. మీ ఆయన భయం నీకు లేదు, నాకుంది. నీ గుమ్మంలో నా శవం ఉంటే పిల్ల సంబంధాలప్పుడు నలుగురూ నాలుగు మాటలు అంటారు.

అందుకని ఇది విను. బతకడానికి వస్తాను. చావడానికి మఠం ఉంది, అక్కడి చాప జాగా అలాగే ఉంచుకుంటాను. ఒక్కటి మాత్రం నువ్వు ఒప్పుకోవాలి. నాకు ఒంట్లో తేడా వచ్చి, ఇక ఆ వేళ అయిందని నీకు అనిపిస్తే, నువ్వే వచ్చి నా మంచం పక్కన నిలబడి, "వదినా, ఇక బయల్దేరండి" అని చెప్పాలి. డాక్టరు కాదు, పక్కింటివాళ్లు కాదు, నువ్వు. చెప్పగలవా? చెప్పగలనంటేనే టికెట్టు కొంటాను. ఉత్తరం వద్దు, ఆలస్యం అవుతుంది. టెలిగ్రాం ఇవ్వు.

దొరలు వచ్చే నెల పన్నెండో తేదీన ఓడ ఎక్కుతారు. బంగళాలో అన్ని పెట్టెలకీ తాళ్లు కట్టేశాం. పిల్లలు నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు, ఓడ కదిలాక మర్చిపోతారు. అంతకు ముందువాళ్లూ అంతే. నా సంచి సర్దుకోవడానికి ఒక పూట చాలు.

ఇల్లు సంచిలో పట్టదు. ఒళ్లో పెట్టుకుని రైలెక్కుతాను. ఆ ఇల్లు ఒళ్లో ఉంటే నా పక్కన ఎవరూ కూర్చోరు. బెంచీ మొత్తం నాదే.

సౌ హ్యోంగ్

(చెప్పినది చెప్పినట్లే వ్రాసితిని. — ఫుంగ్)


టెలిగ్రాం
ఈపో, సెప్టెంబరు 28, 1971

బయల్దేరండని చెప్పలేను. రండి. దోమతెర ముక్క మరవకండి.
లైయింగ్